గ్రీకు సాహిత్య విమర్శ పుట్టుక: అభియోగం, సమర్థన, శాస్త్రం

వ్యాస సంగ్రహం:

పాశ్చాత్య సాహిత్య విమర్శ చరిత్రను ప్లేటో, అరిస్టాటిల్‌లతో మొదలుపెట్టి బోధించడం మన తెలుగు శాఖల్లో స్థిరపడిన పద్ధతి. ఆ ఇద్దరికీ ముందు ఒక శతాబ్దానికి పైగా గ్రీకు నగరాల్లో కవిత్వం మీద పెద్ద వాదమే నడిచింది. జెనోఫనీస్ చేసిన అభియోగం, థియాజెనీస్ చేసిన సమర్థన, గోర్గియాస్ వాక్శక్తి చర్చ, అరిస్టోఫనీస్ 'కప్పలు' నాటకం ఆ వాదంలో ప్రధాన ఘట్టాలు. వాటి వెలుగులో ప్లేటో 'రిపబ్లిక్'ను, అరిస్టాటిల్ 'పొయెటిక్స్'ను తిరిగి చదవడం ఈ వ్యాస లక్ష్యం. 'పొయెటిక్స్'లోని ప్రధాన భావనలు ఒక పాత వాదానికి సమాధానాలుగా రూపొందాయనీ, ఆ ప్రశ్నలను వదిలి నిర్వచనాలను మాత్రమే స్వీకరించడం వల్ల మన విమర్శ పరిభాషలో కొన్ని పొరపాట్లు నిలిచిపోయాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గ్రీకు విమర్శ, జెనోఫనీస్, గోర్గియాస్, అరిస్టోఫనీస్, ప్లేటో, అరిస్టాటిల్, అనుకరణ, కెథార్సిస్, హమార్షియా.

1. ఉపోద్ఘాతం

'విమర్శ' అనే మన పదానికి మూలం 'మృశ్' ధాతువు. స్పృశించి చూడడం, తరచి ఆలోచించడం దాని అర్థం. గ్రీకు పదం మరొక చోట బయలుదేరింది. 'క్రినైన్' అంటే వేరుచేయడం, తీర్పు చెప్పడం. 'క్రితేస్' అంటే న్యాయనిర్ణేత. ఏథెన్సులో డయొనైసస్ ఉత్సవాల నాటక పోటీలకు తీర్పు చెప్పేవారిని ఈ మాటతోనే పిలిచేవారు. వారు పండితులు కారు. నగరంలోని పది తెగల నుంచి చీటీలు తీసి ఎంపిక చేసిన పౌరులు. ఇంగ్లీషులో నేడు విమర్శకుడికి వాడే పదం ఈ కుటుంబానికి చెందినదే.

ఈ వ్యుత్పత్తి భేదం ఒక చారిత్రక వాస్తవాన్ని గుర్తుచేస్తుంది. గ్రీకు సమాజంలో కవిత్వాన్ని గురించిన ఆలోచన ఏకాంత పఠనంలో కంటే బహిరంగ సభలో, పోటీలో, వివాదంలో ఎక్కువగా పెరిగింది. కవి చెప్పేది నిజమా? కవి మాట వింటే పౌరుడు బాగుపడతాడా, చెడిపోతాడా? ఈ రెండు ప్రశ్నలూ 'అనుకరణ', 'కెథార్సిస్' అనే పారిభాషిక పదాల కంటే పాతవి. ఆ పదాలను ఆ ప్రశ్నల నుంచి వేరుచేసి నేర్పినప్పుడు విద్యార్థికి నిర్వచనం కంఠస్థమవుతుంది గాని, ఆ నిర్వచనం ఎవరికి, ఎందుకు అవసరమైందో తెలియదు. కాబట్టి ముందుగా వాదక్రమాన్ని పరిశీలించాలి.

2. కవి అధికారానికి ఆధారం

గ్రీకుల తొలి కవులలోనే కవిత్వాన్ని గురించిన ఒక స్పృహ కనిపిస్తుంది. 'ఇలియడ్' రెండో సర్గలో ట్రాయ్‌కి వచ్చిన ఓడల పట్టికను చెప్పబోతూ హోమర్ కళాధిదేవతలైన మ్యూజ్‌లను ప్రార్థిస్తాడు. వారు అన్నిచోట్లా ఉండి అన్నీ చూసినవారు. మానవులకు చెవినపడిన వార్త తప్ప మరేమీ తెలియదు. అంటే కవి మాటకు ప్రామాణ్యం దేవతల ప్రత్యక్షజ్ఞానం నుంచి లభిస్తున్నది.

హెసియడ్ 'థియోగొనీ' ఆరంభంలో ఈ నమ్మకంలో ఒక సందు ఏర్పడింది. హెలికాన్ పర్వతం దగ్గర గొర్రెలు కాసుకుంటున్న హెసియడ్‌కు మ్యూజ్‌లు కనిపించి, సత్యాన్ని పోలిన అసత్యాలు చెప్పడం తమకు తెలుసనీ, ఇష్టమైతే సత్యం చెప్పడమూ తెలుసనీ ప్రకటిస్తారు. ఈ మాటను శ్రద్ధగా గమనించాలి. కవికి ప్రేరణ ఇచ్చే దేవతలే అసత్యం చెప్పగలిగితే, శ్రోత సత్యాసత్యాలను ఏ ఆధారంతో వేరుచేయగలడు? 'వేరుచేయడం' అనే పని, అంటే విమర్శ, ఇక్కడే అవసరమవుతుంది. తర్వాత వచ్చిన తాత్త్వికులు ఈ సందులో నుంచే ప్రవేశించారు.

3. మొదటి అభియోగం, మొదటి సమర్థన

క్రీ.పూ. 6వ శతాబ్దపు ఉత్తరార్ధంలో కోలొఫోన్ నగరానికి చెందిన జెనోఫనీస్ హోమర్, హెసియడ్‌ల మీద సూటిగా అభియోగం మోపాడు. దొంగతనం, వ్యభిచారం, పరస్పర వంచన వంటి, మనుషుల్లోనే నింద్యమైన పనులన్నింటినీ ఆ కవులు దేవతలకు అంటగట్టారన్నది ఆ అభియోగ సారాంశం. జెనోఫనీస్ అక్కడితో ఆగలేదు. ఇథియోపియన్ల దేవతలు నల్లగా, చప్పిడి ముక్కులతో ఉంటారనీ, థ్రేసియన్ల దేవతలకు నీలికళ్లు, ఎర్రటి జుట్టు ఉంటాయనీ ఎత్తిచూపాడు. ప్రతి జాతీ తన రూపాన్నే దైవానికి ఆరోపిస్తుందన్న ఈ పరిశీలన మతవిమర్శ మాత్రమే కాదు. చిత్రించేవాడి స్థానం చిత్రణను నిర్ణయిస్తుందన్న సాహిత్య సూత్రం కూడా ఇందులో బీజరూపంలో ఉంది. ఈ విమర్శ చేసిన జెనోఫనీస్ స్వయంగా కవి; తన ఆక్షేపణను పద్యాల్లోనే చెప్పాడు. కొద్ది కాలం తర్వాత హెరాక్లిటస్ మరింత కటువుగా, హోమర్‌ను పోటీల నుంచి వెళ్లగొట్టి దెబ్బలు కొట్టాలన్నాడు.

ఈ దాడి తీవ్రత అర్థం కావాలంటే హోమర్ స్థానం తెలియాలి. గ్రీకు బాలుర విద్యకు హోమర్ కావ్యాలు పునాది. యుద్ధనీతి, అతిథి మర్యాద, దైవభక్తి అన్నింటికీ ఆ కావ్యాలే ఉదాహరణలు. అటువంటి గ్రంథం మీద వచ్చిన నిందకు సమాధానం అవసరమైంది. రేజియం నగరానికి చెందిన థియాజెనీస్ ఆ పని చేసినట్టు తర్వాతి కాలపు వ్యాఖ్యానాలు చెబుతున్నాయి. 'ఇలియడ్'లో దేవతలు పరస్పరం పోరాడే ఘట్టానికి ఇచ్చిన అంతరార్థ వివరణకు ఆ వ్యాఖ్యానాలు థియాజెనీస్‌నే ఆద్యుడిగా పేర్కొంటాయి. ఆ వివరణ ప్రకారం అపోలో, హెఫీస్టస్ అగ్నికీ, పొసైడన్ జలానికీ, హీరా వాయువుకూ సంకేతాలు. ఎథీనా వివేకానికీ, ఏరీస్ అవివేకానికీ ప్రతీకలు. కనుక ఆ యుద్ధం పంచభూతాల వంటి ప్రకృతిశక్తుల, మనోగుణాల సంఘర్షణ. పురాణకథలకు తాత్త్విక అంతరార్థం చెప్పే సంప్రదాయం తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు.

ఈ సమర్థనలో ఒక బలహీనత ఉంది. అది కవిని కాపాడింది గాని, కథను కథగా నిలబెట్టలేదు. కావ్యం మరేదో చెబుతున్నది కాబట్టే నిర్దోషి అని వాదించింది. కావ్యం తాను చెప్పినదాన్నే చెబుతూ నిర్దోషి కాగలదా అన్న ప్రశ్న అలాగే మిగిలింది. దానికి సమాధానం కోసం అరిస్టాటిల్ దాకా ఆగవలసి వచ్చింది.

4. గోర్గియాస్: మాటకున్న బలం

క్రీ.పూ. 427లో సిసిలీలోని లియొంటినీ నగర రాయబారిగా ఏథెన్సుకు వచ్చిన గోర్గియాస్ ఈ వాదాన్ని మరో మలుపు తిప్పాడు. 'హెలెన్ ప్రశంస' అనే ప్రసంగంలో, ట్రాయ్ యుద్ధానికి కారకురాలిగా నిందితురాలైన హెలెన్‌ను సమర్థించాడు. దైవనిర్ణయం, బలాత్కారం, మాటల ప్రలోభం, ప్రేమ అనే నాలుగు కారణాలలో ఏది నిజమైనా హెలెన్ నిర్దోషే అన్నది ఆయన తర్కం. వీటిలో మూడో కారణాన్ని వివరిస్తూ ఆయన చెప్పిన విషయాలు విమర్శ చరిత్రకు కీలకం. కవిత్వమంటే ఛందస్సుతో కూడిన మాట. అది వినేవారిలో భయకంపం, కన్నీటితో కూడిన జాలి, తపన కలిగిస్తుంది. ఇతరుల సుఖదుఃఖాలను విని శ్రోత మనసు తనదైన అనుభవాన్ని పొందుతుంది. దేహం మీద ఔషధం ఎలా పనిచేస్తుందో మనసు మీద మాట అలా పనిచేస్తుంది. కొన్ని ఔషధాలు రోగాన్ని తీసేస్తాయి, కొన్ని ప్రాణాన్నే తీస్తాయి.

అరిస్టాటిల్ ట్రాజెడీ నిర్వచనంలోని జాలి, భయం అనే జంట ఇక్కడ అప్పటికే ఉంది. వైద్యపు ఉపమానమూ ఉంది. ట్రాజెడీ ఒక మోసమనీ, ఆ మోసం చేసినవాడు చేయనివాడి కంటే న్యాయవంతుడనీ, మోసపోయినవాడు మోసపోనివాడి కంటే వివేకి అనీ గోర్గియాస్ అన్నట్టు ప్లుటార్క్ నమోదు చేశాడు. హెసియడ్ మ్యూజ్‌లు ఒప్పుకున్న అసత్యం ఈ మాటతో ప్రేక్షకుడికీ నాటకకర్తకూ మధ్య కుదిరిన ఒప్పందంగా మారింది. అయితే గోర్గియాస్ తన ప్రసంగాన్ని చివరలో తన వినోదంగా చెప్పుకున్నాడు. మాటకు ఇంత బలముంటే దాన్ని వాడేవారి బాధ్యత ఏమిటి? ఈ ప్రశ్నను వినోదంగా వదిలేయడం ప్లేటోకు సాధ్యం కాలేదు.

5. రంగస్థలం మీద విమర్శ: 'కప్పలు'

ప్లేటో కంటే ముందు ఆ ప్రశ్నను హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ రంగస్థలం మీదికి తెచ్చాడు. క్రీ.పూ. 405లో లెనేయా ఉత్సవంలో ప్రదర్శితమై ప్రథమ బహుమతి పొందిన 'కప్పలు' నాటకం మనకు పూర్తిగా దక్కిన గ్రీకు రచనల్లో సాహిత్య విమర్శను విస్తృతంగా చేసిన తొలి రచన. యూరిపిడిస్, సోఫోక్లిస్ అప్పటికి కొద్దికాలం క్రితమే మరణించారు. పెలొపొనీసియన్ యుద్ధంలో ఏథెన్సు ఓటమి అంచున ఉంది. మరుసటి ఏడే లొంగిపోయింది. మంచి కవి లేని నగరాన్ని చూడలేక నాటక దేవుడైన డయొనైసస్ యూరిపిడిస్‌ను తిరిగి తీసుకురావడానికి పాతాళానికి వెళ్తాడు. అక్కడ ట్రాజెడీ సింహాసనం కోసం ఈస్కిలస్, యూరిపిడిస్‌ల మధ్య పోటీ జరుగుతుంది. తీర్పరి డయొనైసస్.

ఈ పోటీలో విమర్శ అనేక స్థాయిల్లో సాగుతుంది. ఈస్కిలస్ ప్రారంభ పద్యంలో ఒకే భావాన్ని రెండు క్రియలతో చెప్పాడని యూరిపిడిస్ తప్పుపడతాడు. దేశబహిష్కృతుడు తిరిగి వచ్చేటప్పుడు 'రావడం', 'మరలి రావడం' వేర్వేరని ఈస్కిలస్ సమర్థించుకుంటాడు. మన ఆలంకారికుల పునరుక్తి దోష చర్చను గుర్తుతెచ్చే సన్నివేశమిది. యూరిపిడిస్ నాటక ప్రారంభాలన్నీ ఒకే మూసలో ఉన్నాయని నిరూపించడానికి ఈస్కిలస్ ప్రతి పద్యం చివరా ఒక నూనెబుడ్డి పోగొట్టుకున్న మాట తగిలిస్తాడు. అది ప్రతిసారీ ఛందస్సులోనూ, వాక్యంలోనూ సరిపోతుంది. చివరకు త్రాసు తెచ్చి ఇద్దరి పద్యపాదాలనూ తూస్తారు. సాహిత్యాన్ని కొలతలతో నిర్ణయించడం మీద ఇది ఇప్పటికీ వాడి తగ్గని పరిహాసం.

ఈ హాస్యం వెనుక అసలు వాదం ఉంది. కవిని దేనికి గౌరవించాలని ఈస్కిలస్ అడిగితే, నైపుణ్యానికీ, హితబోధకూ, నగరంలోని మనుషులను మెరుగుపరిచినందుకూ అని యూరిపిడిస్ బదులిస్తాడు. ప్రత్యర్థులిద్దరికీ ఈ ప్రమాణం సమ్మతమే. భేదమంతా మెరుగుపరచడమంటే ఏమిటన్న దగ్గర వస్తుంది. తాను ప్రేక్షకులకు ఆలోచించడం, ప్రశ్నించడం నేర్పానని యూరిపిడిస్ అంటాడు. సవతి కొడుకును కామించిన ఫీడ్రా వంటి స్త్రీలను రంగస్థలానికెక్కించి నగరాన్ని చెరిచావని ఈస్కిలస్ నిందిస్తాడు. ఫీడ్రా కథ ఉన్నదే కదా అని యూరిపిడిస్ అడుగుతాడు. ఉన్నదే, కాని చెడును కవి దాచాలి. పిల్లలకు ఉపాధ్యాయుడెలాగో పెద్దలకు కవి అలాగ అని ఈస్కిలస్ సమాధానం. వాస్తవికతకూ ప్రయోజనానికీ మధ్య సాహిత్యంలో నేటికీ సాగుతున్న తగాదా ఈ నాలుగు మాటల్లో ఇమిడి ఉంది.

డయొనైసస్ తీర్పు మరీ గమనించదగినది. పద్యాల తూకంతో పోటీ తేలదు. నగరాన్ని కాపాడే సలహా ఎవరు చెబుతారో వారిని తీసుకుపోతానని ఆయన అంటాడు. చివరకు ఈస్కిలస్‌ను ఎంచుకుంటాడు. అయితే ఆ ఎంపికకు స్పష్టమైన కారణం చెప్పడు, మనసు కోరినవాడిని ఎంచుకుంటానంటాడు. ప్రమాణాలన్నీ ఏకరువు పెట్టి, తీర్పు దగ్గర ప్రమాణం చేజారిందని చూపడం ఈ నాటకపు లోతు.

6. ప్లేటో: అభియోగం, ఆహ్వానం

ప్లేటో 'రిపబ్లిక్' పదో భాగంలో కవిత్వానికీ తత్త్వానికీ మధ్య వైరం ప్రాచీనమైనదని చెబుతాడు. ఈ మాట అలంకారికం కాదు. పైన చూసిన చరిత్రకు అది సాక్ష్యం. రెండు, మూడు భాగాల్లో దేవతల చిత్రణపై ఆయన చేసిన ఆక్షేపణలో జెనోఫనీస్ గొంతు వినిపిస్తుంది. దేవతల యుద్ధాలకు అంతరార్థం ఉన్నా లేకపోయినా వాటిని నగరంలోకి అనుమతించరాదని అంటూ, పిల్లవాడికి అంతరార్థాన్ని గుర్తించే శక్తి ఉండదని కారణం చెప్పినప్పుడు థియాజెనీస్ తరహా సమర్థన మొత్తం కూలిపోతుంది.

పదో భాగంలో ప్లేటో కొత్త ఆయుధాలు తీశాడు. మంచం ఉపమానం ప్రసిద్ధమే: మంచం భావరూపం ఒకటి, వడ్రంగి చేసిన మంచం రెండోది, చిత్రకారుడు గీసిన మంచం మూడోది. కవి సత్యానికి అంత దూరంలో ఉంటాడు. మన పాఠ్యగ్రంథాలు ఇక్కడే ఆగిపోతాయి. ప్లేటో మాత్రం కవిత్వంపై అతిపెద్ద అభియోగాన్ని దీని తర్వాత చేశాడు. సొంత దుఃఖంలో నిబ్బరంగా ఉండడాన్ని గౌరవంగా భావించే ఉత్తములు కూడా రంగస్థలం మీద వీరుడు విలపిస్తుంటే ఆనందంగా లొంగిపోతారు; అలా ఏడిపించిన కవినే మెచ్చుకుంటారు. పరాయి దుఃఖంతో పెంచిపోషించిన జాలి సొంత దుఃఖం వచ్చినప్పుడు అదుపులో ఉండదు. గోర్గియాస్ కీర్తించిన శక్తినే ప్లేటో ప్రమాదంగా గుర్తించాడు. మాట మనసుకు ఔషధమన్న వర్ణనను అంగీకరించి, ఆ ఔషధాన్ని ఎవరు, ఎంత మోతాదులో ఇవ్వాలని అడిగాడు.

ప్లేటోను కవిద్వేషిగా చిత్రించడం అన్యాయం. బాల్యం నుంచి హోమర్ మీద ఉన్న ప్రేమాదరాలు తన నాలుకను వెనక్కి లాగుతున్నాయని సోక్రటీస్ పాత్ర ఒప్పుకుంటుంది. దేవతాస్తోత్రాలకూ, సజ్జనుల ప్రశంసలకూ నగరంలో చోటుంది. అన్నింటికీ మించి ఒక ఆహ్వానం ఉంది. కవిత్వం ఆహ్లాదకరమే కాక మానవజీవితానికి హితకరమని కవితాప్రియులెవరైనా ఛందస్సు లేని వచనంలో వాదించి నిరూపిస్తే సంతోషంగా వింటామని ప్లేటో రాశాడు. వ్యాజ్యాన్ని ముగించకుండా ప్రతివాదికి గడువిచ్చిన తీర్పు ఇది.

7. అరిస్టాటిల్: వచనంలో చెప్పిన సమాధానం

సుమారు 20 ఏళ్లు ప్లేటో అకాడమీలో ఉన్న అరిస్టాటిల్ ఆ ఆహ్వానాన్ని ఎరుగకుండా ఉండే అవకాశం లేదు. 'పొయెటిక్స్'లో ప్లేటో పేరెత్తకుండానే ఒక్కొక్క అభియోగానికి సరిపడే ప్రతిపాదన కనిపిస్తుంది. అనుకరణ సత్యానికి దూరమన్నదానికి, అనుకరణ మనిషికి బాల్యం నుంచీ సహజమనీ, మనిషి తొలి పాఠాలు దానితోనే నేర్చుకుంటాడనీ నాలుగో అధ్యాయం చెబుతుంది. కవికి సత్యం తెలియదన్నదానికి, చరిత్ర జరిగినదాన్ని చెబితే కవిత్వం జరగగలిగినదాన్ని చెబుతుందనీ, అందుకే కవిత్వం చరిత్ర కంటే తాత్త్వికమైనదనీ తొమ్మిదో అధ్యాయం సమాధానం. జాలి మనసును బలహీనపరుస్తుందన్నదానికి, జాలి, భయాల ద్వారా కెథార్సిస్ జరుగుతుందని ఆరో అధ్యాయంలోని నిర్వచనం.

ఒకటో అధ్యాయంలో ఒక సూక్ష్మమైన చమత్కారం ఉంది. అనుకరణ కళల గురించి చెబుతూ అరిస్టాటిల్ 'సోక్రటీస్ సంభాషణల'ను కూడా ఆ జాబితాలో చేర్చాడు. అనుకరణను నిందించిన ప్లేటో రచనలు సైతం అనుకరణలే అన్న ధ్వని ఇందులో ఉంది. ఛందస్సులో రాసినంత మాత్రాన ఎంపిడొక్లిస్ కవి కాడని చెప్పడం ద్వారా, కవిత్వమంటే ఛందోబద్ధమైన మాట అన్న గోర్గియాస్ నిర్వచనాన్నీ పక్కనపెట్టాడు.

'పొయెటిక్స్'లో అధిక భాగం కథావస్తు నిర్మాణాన్ని గురించిన సాంకేతిక చర్చే కదా, దాన్ని సమాధాన గ్రంథమనడం ఎంతవరకు సబబు అన్న ఆక్షేపణ రావచ్చు. ఇరవై అయిదో అధ్యాయం ఈ ఆక్షేపణను తొలగిస్తుంది. కావ్యాలపై వచ్చే నిందలకు పరిహారాలు చెప్పే అధ్యాయమది. దేవతల కథల ప్రస్తావన వచ్చినప్పుడు అరిస్టాటిల్ జెనోఫనీస్ పేరునే తలుస్తాడు: ఆ కథలు ఉత్తమమూ సత్యమూ కాకపోవచ్చు, జెనోఫనీస్ చెప్పినట్టే కావచ్చు, అయినా లోకం అలా చెప్పుకుంటున్నది. సుమారు రెండు శతాబ్దాల వ్యాజ్యానికి ఇంత తేలికగా బదులివ్వగలగడానికి కారణం అదే అధ్యాయంలోని మౌలిక సూత్రం: రాజనీతిలో ఒప్పు, కవిత్వంలో ఒప్పు ఒకటి కావు. ఆడజింకకు కొమ్ములుండవని తెలియకపోవడం చిన్న తప్పు. దాన్ని గుర్తించలేని విధంగా చిత్రించడం పెద్ద తప్పు. కావ్యం కావ్యంగానే నిర్దోషి కాగలదని నిరూపించిన ఘనత ఈ సూత్రానిది.

ఈ విజయానికి అరిస్టాటిల్ ఒక మూల్యం చెల్లించాడు. 'కప్పలు' నాటకమంతా వ్యాపించిన నగరం 'పొయెటిక్స్'లో దాదాపు కనిపించదు. పౌరుల విద్యలో సంగీతం, కళల పాత్ర 'పాలిటిక్స్' ఎనిమిదో భాగానికి వెళ్లిపోయింది. కెథార్సిస్‌ను కవిత్వ గ్రంథంలో స్పష్టంగా వివరిస్తానని అక్కడ చెప్పిన అరిస్టాటిల్ వివరణ మనకు దక్కిన 'పొయెటిక్స్'లో లేదు. కవిత్వ స్వయంప్రతిపత్తి సిద్ధించింది; కవి నగరానికి ఏమి బాకీపడ్డాడన్న ప్రశ్న మరో గ్రంథం పాలైంది.

8. తెలుగు పరిభాష: పరిశీలన

ఈ వాదక్రమాన్ని విస్మరించడం వల్ల మన అనువాద పదాలు కొన్నిచోట్ల దారితప్పించాయి.

ట్రాజెడీని 'విషాదాంత నాటకం' అంటాం. పదమూడో అధ్యాయం దుఃఖాంతాన్ని మెచ్చుకున్న మాట నిజమే. అయితే పద్నాలుగో అధ్యాయంలో అరిస్టాటిల్, తెలియక ఆప్తుడిని చంపబోయి చివరి క్షణంలో గుర్తుపట్టి ఆగిపోయే సన్నివేశానికి అగ్రస్థానం ఇచ్చాడు. టారిస్‌లో సోదరుడిని గుర్తించిన ఇఫిజీనియా కథ అటువంటిది. ట్రాజెడీకి ప్రాణం ముగింపులో లేదు, జాలి, భయాలను రేపే కథాసంవిధానంలో ఉంది.

'హమార్షియా'ను 'దోషం' అనడం మరొక చిక్కు. గ్రీకులో ఆ క్రియకు గురి తప్పడం అనే అర్థం ఉంది. 'దోషం' అనగానే మన మనసులో నైతిక కళంకమో, ఆలంకారికుల కావ్యదోషమో మెదులుతుంది. నాయకుడు దుష్టత్వం వల్ల కాక పొరపాటు వల్ల పతనం కావాలన్న అరిస్టాటిల్ షరతుకు ఇది దాదాపు వ్యతిరేకం. 'పొరపాటు' అన్న వాడుకమాటే ఇక్కడ శాస్త్రీయం.

'అనుకరణ' అనే పదానికి మన దగ్గర సొంత వివాద చరిత్ర ఉంది. రసాన్ని అనుకృతిగా చెప్పిన శ్రీశంకుకుడి మతాన్ని భట్టతౌతుడు ఖండించాడు. ఆ ఖండనను అభినవగుప్తుడు 'అభినవభారతి'లో నిక్షేపించాడు. ఈ నేపథ్యం తెలిసినవారికి అరిస్టాటిల్ కూడా ఖండితమైన పక్షానికి చెందినవాడిగా తోచే ప్రమాదం ఉంది. శంకుకుడి చర్చ నటుడు, ప్రేక్షకుల ప్రతీతికి సంబంధించినది. అరిస్టాటిల్ చర్చ ప్రధానంగా క్రియను కథగా కూర్చడానికి సంబంధించినది. నిజమైన పోలిక మరోచోట ఉంది. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దైత్యుల ఓటమిని ప్రదర్శించినప్పుడు విరూపాక్షుడి నాయకత్వంలో విఘ్నులు అభ్యంతరం చెబుతారు. నాట్యం ఏ ఒక్క పక్షానికీ చెందదనీ, ముల్లోకాల భావాలను కీర్తించేదనీ బ్రహ్మ వారికి నచ్చజెబుతాడు. మమ్మల్ని ఇలా చిత్రించారేమన్న నిలదీతతోనే అక్కడా సిద్ధాంతం మొదలైంది.

9. ముగింపు

గ్రీకు సాహిత్య విమర్శ నిర్వచనాలతో మొదలుకాలేదు. కవి దేవతలకు అన్యాయం చేశాడన్న ఆరోపణతో మొదలై, అంతరార్థపు సమర్థనతో, వాక్శక్తి సిద్ధాంతంతో, రంగస్థల వాదంతో పెరిగి, ప్లేటో అభియోగంలో తీవ్రమై, అరిస్టాటిల్ చేతిలో శాస్త్రమైంది. ఈ క్రమాన్ని గుర్తిస్తే తరగతి గదిలో రెండు మార్పులు అవసరమవుతాయి. 'పొయెటిక్స్'ను 'రిపబ్లిక్' పదో భాగంతో, 'కప్పలు' నాటకంతో కలిపి బోధించాలి. పారిభాషిక పదాన్ని పరిచయం చేసేముందు దాన్ని పుట్టించిన ప్రశ్నను పరిచయం చేయాలి.

దీనికి వర్తమాన ప్రయోజనం కూడా ఉంది. గత నాలుగు దశాబ్దాలలో తెలుగులో స్త్రీవాద, దళితవాద విమర్శలు కావ్యాలను నిలదీసినప్పుడు, అవి సాహిత్యేతర ప్రశ్నలని తోసిపుచ్చే ధోరణి కనిపించింది. ఎవరిని ఎవరు ఎలా చిత్రించారు, ఆ చిత్రణ సమాజాన్ని ఏమి చేసింది అన్నవే ఆ ప్రశ్నలు. విమర్శ పుట్టిన నాడు జెనోఫనీస్ అడిగినవీ అవే. వాటిని సాహిత్యేతరమనడం విమర్శ జన్మస్థానాన్నే విమర్శ వెలుపలికి నెట్టడం అవుతుంది. మరోవైపు, ఆ ప్రశ్నలకు కావ్యపు సొంత ధర్మాన్ని విస్మరించకుండా బదులివ్వాలన్న అరిస్టాటిల్ హెచ్చరికకూ అంతే విలువ ఉంది. అభియోగాన్ని పూర్తిగా వినడం, ప్రతివాదికి కావ్యధర్మం ప్రకారం అవకాశమివ్వడం, ఆపైన తీర్పు చెప్పడం 'క్రితేస్' అనే మాటకు న్యాయం చేసే పద్ధతి. ప్లేటో ఇచ్చిన గడువు ఇంకా ముగియలేదు.